ఒక్కపొద్దు మాత్ర

మా ఊళ్ళో యాభై దాటిన మగవాళ్ళ ఇళ్ళన్నిట్లోనూ గోడకు మాత్రల పెట్టె ఉంది. నాన్న వేలు పెడితే రక్తం చూసి, "అన్నం తిన్నారా కోటిలింగంగారూ?" అని అడిగి, మగ హార్మోను మాత్ర ఇస్తుంది. అమ్మ పోయాక మా ఇంట్లో ఎక్కువగా వినిపించేది ఆ గొంతే.

శనివారం నాన్నకు ఒక్కపొద్దు. ఖాళీ కడుపున వేసుకుంటే మాత్ర ఒంటికి పట్టదని తెలిసినా, "తిన్నా" అనేస్తాడు. మర్నాడు నీరసంగా ఉందని పక్కింటి మామ దగ్గర ఇంకొకటి తెచ్చుకుని రెండూ మింగుతాడు. రక్తం చిక్కబడుతోందని పెట్టె రెండు వారాలుగా చెబుతోంది. అమ్మ ఉంటే కేకలేసేది. ఆ మాత్రల సంగతి నాన్నతో ఎత్తాలంటే నాకు సిగ్గు.

ఈరోజూ "తిన్నా" అన్నాడు.

నేను పెట్టెతోనే అన్నాను: "తినలేదు. రేపు రెండు మింగుతాడు."

"మీరెవరు? ఈ ఇంట్లో తానొక్కరే ఉంటానని కోటిలింగంగారు రాయించారు," అంది పెట్టె.

నాన్న పెట్టె వైపు తిరిగాడు.

"నా కూతురు. అది చెప్పిందే నిజం."

"అయితే డాక్టరు చూసేదాకా మాత్ర ఇవ్వను."

నాన్న చెప్పులేసుకుని గుమ్మంలో ఆగాడు. "నువ్వూ రా తల్లీ. నేనొక్కణ్ణే వెళ్తే ఆయనకీ అబద్ధమే చెప్తా."