గేటు లోపలి నాయకులు

"గేటు తియ్యి మల్లయ్యా, నీ కాళ్లు మొక్కుత!"

"నా కాళ్లెందుకు సారూ? తాళంచెవి మండల సారు జేబులేసుకొని పోయిండు. నిన్న దస్కతులు పెట్టి గోడ దుంకినోళ్లను అడుగున్రి, గీ తాళం వాళ్ల పున్నెమే," అన్నాడు వాచ్‌మన్ మల్లయ్య.

లింగస్వామి ఊచలు పట్టుకొని రోడ్డు వైపు చూశాడు. నార్కట్‌పల్లి హైస్కూల్లో ప్రధానోపాధ్యాయులకు నాయకత్వ శిక్షణ. అతని ఊళ్లో ప్రధానోపాధ్యాయుడూ అతనే, పంతులూ అతనే. అతను ఇక్కడుంటే అక్కడ బడికి తాళం.

ఫోన్ మోగింది. సైదమ్మ. ఆమె పిల్లలు ఎటు నడిస్తే ఊళ్లో పిల్లలంతా అటే నడుస్తారు.

"సారూ, వస్తున్నవా లేదా? దొడ్లె గొర్లు ఒర్లుతున్నయి. మందను తోలుకపోవాలె. పిల్లల్ని ఎవలకు అప్పజెప్పాలె?"

"జర ఆగు సైదమ్మా. బడి అరుగు మీద కూసోవెట్టు, నేనొస్త."

"నిన్న గూడ గదే అంటివి. పొద్దుమూకే దాంక రోడ్ల మీద తిరిగిన్రు. చిట్యాల ప్రైవేటు బడి వ్యాన్ వచ్చి ఇంటి ముంగట నిలవడ్డది. పైసలు తర్వాత చూద్దాం, ముందు ఎక్కియ్యమంటాండు."

"ఎక్కియ్యకు! నీ బాంచెన్, ఎక్కియ్యకు. వస్తున్న!"

హాల్లోకి ఉరికాడు. తెర మీద నడిసముద్రంలో ఓడ, చుక్కాని పట్టుకున్న మనిషి. జన్మలో ఓడను చూడని పంతుళ్లు వంచిన తల ఎత్తకుండా రాసుకుంటున్నారు.

"నాయకుడంటే ఎవరు? ఆపదలో ఎవర్నీ అడక్కుండా నిర్ణయం తీసుకునేవాడు," అంటోంది శిక్షణ ఇచ్చే స్వర్ణలత.

"నేను తీసుకున్న మేడం. బడికి పోతున్న."

హాలంతా గొల్లున నవ్వింది.

"కూర్చోండి సార్. మధ్యాహ్నం మళ్లీ ముఖం చూపించి హాజరు వేయాలి. మీరు లేకుంటే మెమో మీకూ వస్తది, నాకూ వస్తది."

"అక్కడ నా పిల్లలు పోతున్నరు మేడం!"

"మన తర్వాతి అంశం అదే కదా. బడికి పిల్లల్ని రప్పించడం ఎట్లా? మీ గ్రూపుకు మీరే నాయకుడు, రాయండి."

పక్కనున్న ఐలేశం చార్టు, స్కెచ్ పెన్ను అతని చేతిలో పెట్టాడు. "చెట్టు బొమ్మ గీసి ఆకులల్ల పాయింట్లు రాయన్నా. మేడం మస్తు ఖుష్ అయితది."

లింగస్వామి చార్టును ఉండ చుట్టి విసిరేశాడు. వేదిక ఎక్కాడు.

"పిల్లలు ఎట్లొస్తరు? పొద్దుగాల బడి తలుపు తెరిచి ఆడ ఒక మనిషి నిలవడితే వస్తరు! తల్లి గొర్లు తోలుకపోయే యాళ్లకు బిడ్డను అందుకునే చేతులుంటే వస్తరు! మనల్ని ఈడ తాళమేసి, బళ్లను ఆడ తాళమేసి, నాయకులు కమ్మంటే ఎవలకు నాయకులం? ఖాళీ బెంచీలకా?"

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. గేటు తీయించడానికి మాత్రం ఒక్కడూ కదల్లేదు. స్వర్ణలత తీసిన వీడియో అప్పటికే మండల వాట్సాప్ గ్రూపులోకి పోయింది.

చప్పట్లు ఆగకముందే మళ్లీ ఫోన్.

"ఏమనుకోకు సారూ, ఎక్కిన్రు. నా పిల్లలు ఎక్కంగనే తక్కినోళ్లు గూడ దుంకి ఎక్కిన్రు. నువ్వు మంచోడివే. కని నువ్వు ఆపతికి ఉండవు గద."

లింగస్వామి వేదిక దిగి మళ్లీ గేటు దగ్గరికి ఉరికాడు.

మధ్యాహ్నం గేటు తెరుచుకుంది. మండల విద్యాధికారి రాంచందర్ కారు లోపలికొచ్చింది. లింగస్వామి కారుకు అడ్డం నిలబడ్డాడు.

"సార్, ఇప్పుడన్న ఇడిసిపెట్టున్రి. ఇంటింటికి తిరిగి, బతిలాడి పిల్లల్ని మళ్ల తెచ్చుకుంట."

రాంచందర్ దిగి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంకేడికి పోతవయ్యా? ఆ ప్రైవేటోళ్లు పేర్లు గూడ ఎక్కిచ్చుకున్నరు. నీ బళ్లె ఇగ ఒక్క పిల్లగాడు లేడు, పంతులెందుకు? ఫికర్ చెయ్యకు, నీ నౌకరీ యాడికి పోదు. వీడియో చూసిన, మస్తు మాట్లాడినవ్. బడికి పిల్లల్ని రప్పించుడెట్లనో, రేపటి సంది ఈడ నువ్వే ట్రైనింగ్ ఇయ్యాలె."