ఉపగ్రహపాటు

"చచ్చినా రాను," అన్నాడు బాలస్వామి, నులకమంచం పట్టె గట్టిగా పట్టుకుని.

"చావకూడదనే కదండీ రమ్మంటున్నాను," అన్నాడు వీఆర్వో రత్నరాజు. పొద్దుటినుంచీ ఇదే మాట ఇంటింటికీ చెప్పి చెప్పి ఆయన గొంతు అరిగిపోయింది.

కాలం చెల్లిన ఉపగ్రహమొకటి కూలుతోందట. దాని ముక్కలు ఇవాళ మధ్యాహ్నం బందరు నుంచి దివిసీమ దాకా ఎక్కడైనా పడొచ్చునట. దివినుంచి ఊడిపడేది దివిసీమలో పడక ఇంకెక్కడ పడుతుంది? ఊరందరినీ తుఫాను షెల్టరుకి తరలించమని పైనుంచి ఆర్డరొచ్చింది. పైనుంచి పడే ముక్కకంటే పైనుంచి పడే ఆర్డరంటేనే రత్నరాజుకి భయం.

తరలించాడు. జనం గ్యాసుబండలు, కోళ్ళతో సహా వెళ్ళి నేరుగా షెల్టరు డాబా మీద కూర్చున్నారు.

"పైనుంచి పడేదానికి పైకెక్కుతారేంటండీ బాబూ!"

"గండమొస్తే డాబా ఎక్కమని నేర్పింది మీరేగా," అన్నాడు గంగన్న, కోడిని చంకలో సర్దుకుంటూ. "కిందుంటే పోతామన్నారు."

వాళ్ళని బతిమాలి కిందికి దించేసరికి రత్నరాజు మోకాళ్ళు పట్టేశాయి. ఉపగ్రహం సంగతేమో గానీ ముందు ఆయన నిగ్రహం కూలేలా ఉంది. ఇక ఊళ్ళో మిగిలింది బాలస్వామి, ఆయన భార్య రాజకుమారి, వాళ్ళ పెంకుటిల్లు.

ఆ ఇంటి కప్పు నడిమధ్య బండిచక్రమంత కన్నం. కిందటి వానాకాలంలో వాసాలు విరిగి, పెంకులు జారిపోయాయి. కన్నం కింద గంగాళం. గంగాళం పక్కన మంచం. మంచం మీద బాలస్వామి.

"కనీసం దానిమీద ఓ టార్పాలిన్ పట్టా అయినా కప్పలేదేంటండీ?"

"కప్పితే మీవాళ్ళకి కనపడేదెలా? నష్టం రాసుకునేవాళ్ళు వచ్చి చూసేదాకా దేనిమీదా చెయ్యి వెయ్యకూడదు. తుఫానుకి కొబ్బరిచెట్టు వాకిట్లో అడ్డంగా పడినా మా నాన్న దాన్ని దాటుకుని తిరిగాడు గానీ నరకనివ్వలేదు."

ఆ మాట నిజమే. దివిసీమలో పడిందాన్ని పడినట్టే ఉంచుతారు, చూసేవాళ్ళు చూసేదాకా.

"మావాళ్ళు వచ్చి చూశారు కదండీ."

"చూశారు. రాసుకుంటే కదా! ఏ తుఫానుకి పడిందన్నారు. తుఫాను కాదండీ, వాన అన్నాను. పేరేంటన్నారు. వానకి పేరేంటయ్యా? దానికి బాప్తిస్మం ఎవడిచ్చాడు?"

నోరు తిరగని పేరున్న తుఫానుకి కూలితేనే సాయం. ఊరూ పేరూ లేని వానకి కూలితే అది ఇంటివాడి ఖర్మ. ఆ రూలు రత్నరాజు రాసింది కాదు, ఆయన నుదుట రాసింది.

బాలస్వామి కన్నంలోంచి ఆకాశంకేసి చూశాడు. "దీనికి పేరుంది. పేరు చివర నెంబరు కూడా ఉందని టీవీలో చెప్పారు. పడితే నా ఇంటిమీదే పడాలి. పడ్డప్పుడు సాక్షిగా నేనుండాలి."

"అప్పుడు మీరు సాక్షి కాదండీ, శవం."

గుమ్మంలో సంచి పట్టుకుని నిలబడ్డ రాజకుమారి విసుక్కుంది. "రావయ్యా. వానాకాలమంతా ఆ గంగాళం ఎత్తిపోసి నడుం పోయింది. ఇప్పుడు నిన్ను కూడా ఎత్తలేను. బతికుంటే కన్నం ఎక్కడికీ పోదు."

బాలస్వామి కదల్లేదు. రత్నరాజు ఆ మంచం చివరే కూలబడ్డాడు.

"బాలస్వామిగారూ, నాకు ఓపిక లేదు. ఒక్క మాట చెప్తాను. ఆ ముక్క మీ కప్పుకి గోరంత తగిలినా, ఒక్క పెంకు పగిలినా, కప్పు మొత్తం పోయిందని నేనే రాస్తాను."

"ప్రభువు మీద చెప్పు."

చెప్పాడు. బాలస్వామి లేచాడు.

షెల్టరు గదిలో అందరూ ఆ ముక్కలు సముద్రంలో పడాలని ప్రార్థన చేస్తున్నారు. కిటికీ దగ్గర కూర్చున్న బాలస్వామి పెదాలు కూడా కదులుతున్నాయి గానీ, ఆయన ప్రార్థన వేరు.

మధ్యాహ్నం దాటాక ఆకాశంలో ఈలలాంటి చప్పుడు. ఆ వెంటనే దబ్బుమని ఊరంతా అదిరింది. బాలస్వామి ఇంట్లోంచి దుమ్ము లేచింది.

"మాదే! మా ఇల్లే!" అని లాటరీ తగిలినవాడిలా పరిగెత్తాడు బాలస్వామి. రాజకుమారి కళ్ళనీళ్ళతో "స్తోత్రం ప్రభువా" అంటూ వెనకే వెళ్ళింది. గంగన్న కోడితో సహా ఆయన్ని కావలించుకున్నాడు. ఇల్లు పడినందుకు ఊరంతా పండగ చేసుకోవడం దివిసీమలో అదే మొదలు. రత్నరాజు మోకాళ్ళు కూడా నొప్పి మర్చిపోయాయి.

ఆయన అందర్నీ వాకిట్లోనే ఆపి, ఫోనులో వీడియో కాల్ కలిపి లోపలికెళ్ళాడు. మాడి మసైన బిందెలాంటి ఇనపగుండు ఒకటి గంగాళాన్ని చీల్చుకుని, మట్టినేలలో సగం దిగబడి పొగలు కక్కుతోంది.

"అది సరేనయ్యా, కప్పు చూపించు," అంది ఫోనులోంచి పైఅధికారి గొంతు.

రత్నరాజు ఫోను పైకెత్తాడు. మంచమెక్కి చూపించాడు. దిగి, ఇంకోవైపు జరిపి, మళ్ళీ ఎక్కి చూపించాడు.

"రాశావా అయ్యా?" వాకిట్లోంచి బాలస్వామి కేక.

చాలాసేపటికి రత్నరాజు బయటికొచ్చి గుమ్మంలో చతికిలబడ్డాడు.

"ఒక్క పెంకైనా పగిలిందేమోనని శతవిధాలా వెతికానండీ," అన్నాడు నీరసంగా. "మాకు చూపించడానికి మీరు మూయకుండా ఉంచిన కన్నంలోంచే, ఎక్కడా తగలకుండా సూటిగా దిగింది."