చిలకకివ్వండి ఫోను

"హలో! ఎవరు మాట్లాడుతున్నారు?" కెమెరా వైపు తియ్యగా నవ్వుతూ అడిగింది టీవీ అక్కయ్య.

"చిట్టిని."

"చిట్టీ! ఈ వారం కూడా మొదటి ఫోను నీదేనా? ఇవాళ బళ్లో ఏం చెప్పారు?"

"మీకు కాదు. చిలకకివ్వండి ఫోను."

కెమెరా ముందు కాబట్టి అక్కయ్య నవ్వు చెదరలేదు. లోపల మాత్రం ఒళ్లు భగ్గుమంది.

బల్ల మీదున్న గుడ్డ చిలక మెడ సాగదీసింది. బల్ల కింద ముడుచుకుని కూర్చున్న బొమ్మలాయన కీచు గొంతు పెట్టి, "చెప్పు చిట్టీ, నేనే!" అన్నాడు.

"చిలకా, నిన్న చీకట్లో ఒక్కదాన్నే వెళ్లి నీళ్లు తాగొచ్చా. బోలెడు భయం వేసింది. నీకూ వేస్తుందా?"

"అమ్మో! పిల్లిని చూస్తే నా ఈకలన్నీ నిక్కబొడుచుకుంటాయి!"

చిట్టి కిలకిలా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే మిగతా ఫోన్లన్నీ గణగణ మోగాయి. చీకటికి భయపడే పిల్లలు, బల్లికి భయపడే పిల్లలు, లెక్కల మాస్టారికి భయపడే పిల్లలు.

అందరికీ చిలకే కావాలి.

ఊరి చానెల్లో ఆ పిల్లల ప్రోగ్రాం ఈనాటిది కాదు. పాత సామాన్ల గది ఖాళీ చేసి, చప్పుడు రాకుండా గోడలకి దుప్పట్లు కొట్టి స్టూడియో అనిపించుకున్న రోజుల్లో మొదలైంది. అప్పటి అక్కయ్య తన పచ్చ స్వెట్టరు కత్తిరించి చిలకని కుట్టిందట. ఆవిడ మొహం మీద ముడతలు కనిపిస్తున్నాయని పైవాళ్లు ఆవిణ్ణి పంపించేసి, ఈమెని తెచ్చుకున్నారు.

వచ్చి ఇన్నేళ్లయినా ఆఫీసులో ఈమె పేరు కొత్త అక్కయ్యే. "పాత అక్కయ్య ఉన్నప్పుడు..." అనకపోతే అక్కడ ఎవరికీ టీ గొంతు దిగదు. ఆ పాత అక్కయ్యని ఈమె ఎన్నడూ కలవలేదు. కలవాలని అనుకోనూ లేదు.

మొన్న బజార్లో ఒక బుడతడు ఈమెని గుర్తుపట్టాడు. ఈమె పొంగిపోయి చెయ్యి ఊపింది.

"అమ్మా, చూడవే! చిలక పక్కన కూర్చునే ఆంటీ!" అన్నాడు వాడు.

గుడ్డ ముక్క మీద కుళ్లుకోవడమేమిటని తనని తానే తిట్టుకునేది. కానీ చిట్టి గొంతు వినపడితే చాలు, ఆ ఇంగితం కాస్తా ఎగిరిపోయేది. ఏం, ఒక్క వారం, ఒక్కటంటే ఒక్క మాట తనతో మాట్లాడితే ఆ పిల్ల సొమ్మేం పోతుంది?

ప్రోగ్రాం అవగానే ఫోన్లు కలిపే ఆయన దగ్గరికి వెళ్లింది.

"వచ్చే వారం నుంచి చిట్టి ఫోను ఎత్తకండి."

"అదేంటమ్మా, పాపం చిన్నపిల్ల!"

"చిన్నపిల్ల కాదు, చిచ్చరపిడుగు. ప్రతి వారం తనేనా? వేరే పిల్లలకి అవకాశం ఇవ్వొద్దూ?"

బొమ్మలాయన మోకాళ్లు నొక్కుకుంటూ బల్ల కింద నుంచి లేచాడు. "వద్దమ్మా. ముందు ఎవరో ఒకరు మాట్లాడితేనే మిగతా పిల్లలకి నోరు పెగులుతుంది."

"మీ చిలకని అడిగేవాళ్లు తగ్గిపోతారని బాధా?"

ఆయన చిలకని దులిపి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

మళ్లీ వారం వచ్చింది.

"హలో పిల్లలూ! ముందు ఎవరు చేస్తారో చూద్దాం!"

ఫోను మోగింది. ఫోనాయన నంబరు చూసి, ఆమె వంక చూశాడు. ఆమె కళ్లతోనే వద్దంది. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. మళ్లీ అదే నంబరు.

ఇంకే ఫోనూ మోగలేదు.

ఆమె పాట పాడింది. చిలక గెంతింది. ఆమె పొడుపుకథ వేసి, ఎవరూ చెప్పకపోయేసరికి తనే విప్పింది. చెమటకి మొహం మీది పౌడరు చారలు కట్టింది. గంటంతా అలాగే గడిచింది.

లైట్లు ఆర్పగానే తలుపు దగ్గర మేనేజరు కనిపించాడు. "పిల్లలకి మొహం మొత్తినట్టుందమ్మా. వచ్చే నెల నుంచి ఈ గంట సీరియల్‌కి ఇచ్చేద్దాం."

మర్నాడు ఆమె అభిమానం చంపుకుని ఫోనాయన దగ్గరికి వచ్చింది. "ఆ నంబరు కలపండి. బతిమాలైనా సరే, చిట్టిని నేనే పిలుస్తాను."

అవతల ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"చిట్టి వాళ్ల అమ్మగారాండీ? నేను టీవీ అక్కయ్యని. ఒకసారి పాపకి ఇస్తారా?"

"మా ఇంట్లో పాపలెవరూ లేరండీ. చిట్టి అంటే మా అత్తయ్య."

"అత్తయ్యా?"

"ఫోన్లు రాకపోతే ప్రోగ్రాం తీసేస్తారని, వారం వారం చిన్నపిల్ల గొంతు పెట్టి తనే చేసేది. నిన్న చిలకతో ఒక్కసారి మాట్లాడాలని చాలా ప్రయత్నించింది. మీరెవరూ ఎత్తలేదు."

"తప్పయిపోయిందండీ. వచ్చే వారం చెయ్యమనండి, నేనే ఎత్తుతాను!"

"పొద్దున్నే ఆవిడకి గొంతు ఆపరేషన్ అయిందండీ. ఇక మాట రాదని డాక్టర్లు ముందే చెప్పారు. బట్టల కోసమని ఇప్పుడే ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాను." "లోపలికి తీసుకెళ్తుంటే కూడా మీ గొడవే. వచ్చే వారం మొదటి ఫోను పక్కింటి పాప చేత చేయించు, లేకపోతే ఆ టీవీ అమ్మాయి కంగారుపడిపోతుంది అంది."

కొత్త అక్కయ్య ఫోను రెండు చేతులతో పట్టుకుంది. "నేనంటే ఆవిడకి ఎందుకండీ అంత... ఎవరండీ మీ అత్తయ్య?"

"అయ్యో, మీకు తెలీదా?" అంది కోడలు. "మీకు ముందు అక్కడ అక్కయ్య ఆవిడేనండీ."