అద్దంలో చదివిన వ్యాసం

ఆ రోజుల్లో హైదరాబాదు విద్యార్థుల వ్యాసాలు ఒక యంత్రం రాసేది, మార్కులు మరో యంత్రం వేసేది. అందరికీ నూటికి నూరే! అచ్చు పుస్తకాల చరిత్ర మీద పీజీ సెమినార్ నడిపే అంజుమ్ మేడంకి ఒళ్లు మండింది.

"మీరే రాయాలె. చెక్క మీద చెక్కి, ఒక పేజీ అచ్చేసి తేవాలె" అన్నారు.

ఆ క్లాసులో రజిత వారమంతా చెక్కింది. అక్షరాలను తిరగేసి చెక్కాలని తెలియక, సూటిగా చెక్కేసింది. కాగితం మీద రాతంతా తిరగబడి వచ్చింది. మార్కుల యంత్రం "ఇది ఏ లిపో తెలియదు" అంటూ చేతులెత్తేసింది.

"ఫెయిలైనట్టేనా మేడం?" అంది రజిత, ఏడుపు గొంతుతో.

మేడం బ్యాగులోంచి అద్దం తీసి కాగితం ముందు పెట్టారు. పెదవులు కదుపుతూ చివరిదాకా చదివారు.

"రెండో పేరా ఉత్త బక్వాస్. మొదటిది మాత్రం మస్తుంది" అని, ఎర్రసిరాతో బొటాబొటిగా నలభై వేశారు.

రజిత ఆ కాగితం ఊపుకుంటూ వరండా పొడుగునా పరుగెత్తింది.

"చదివిన్రు! నేను రాసింది మేడం చదివిన్రు!"

తర్వాతి వారం, యంత్రం నూటికి నూరు వేసినవాళ్లంతా అక్షరాలను కావాలనే సూటిగా చెక్కి, తిరగబడ్డ కాగితాలు తెచ్చారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో అద్దం.