వాన వెలిశాక పట్టిన చేప

"సేప పడినాదా బావా, లేకపోతే నాను గెలిసినట్టేనా?" ఫోన్‌లో మాథ్యూ నవ్వుతున్నాడు.

పామాయిల్ తోట వెనక చెరువు గట్టున, మోకాళ్ల దాకా తడిసిన ప్యాంటుతో లారెన్స్ నిలబడి ఉన్నాడు. పక్కన బకెట్ ఖాళీ.

"పడకేటి? నీదానికి రెండింతలుంది. ఇంటికొచ్చి సూడు," అనేశాడు.

అనేశాక ఖాళీ బకెట్‌లోకి చూసుకున్నాడు. ఆదివారం తమ ఊరు బంటింగ్ చర్చి జట్టుకీ పక్క ఊరు క్లాంగ్ చర్చి జట్టుకీ గాలాల పోటీ ఉంది. ఈ చెరువులో ఎవరు పెద్ద తిలాపియా చేపని పడితే వాళ్లే బంటింగ్ జట్టుకి కెప్టెన్ అని బావా బావమరుదులు పందెం వేసుకున్నారు. మాథ్యూ నిన్ననే అరచేతంతది పట్టి, ఫొటో అందరికీ పంపించాడు.

నిన్న ఒడ్డు నీళ్లలో పళ్లేల్లాంటి గుంటలు వరసగా కనిపించాయి. మగచేపలు మట్టి తోడుకుని, గుడ్లు పెట్టే ఆ గూళ్లకి కాపలా కాస్తూ తిరిగాయి. ఇవాళ వాన వెలిశాక వచ్చి చూస్తే గుంటా లేదు, చేపా లేదు. అంతా బురద. ఎంతసేపు కూర్చున్నా గాలం తాడుకున్న బెండు కదల్లేదు.

పొద్దున్న కుట్టుమిషన్‌కి ఎర్ర దారం ఎక్కిస్తూ భార్య ఆనీ చెప్పనే చెప్పింది. "మబ్బు కమ్మినప్పుడే ఎల్లండి. గూటి మీదున్న సేప అప్పుడు దగ్గరికొచ్చిందాన్నల్లా కరిసేస్తది. వాన పడి సల్లనీళ్లు దిగినాయంటే గూడొదిలేసి లోతుకి పోతది."

"సేపల కూర వండటం ఏరే, పట్టడం ఏరు. వాన ఎలిసినాకే పైకొస్తాయి," అని అతను దుప్పటి ముసుగేసుకున్నాడు.

లారెన్స్ గాలం చుట్టేసి, మోటార్‌బైక్ తిన్నగా ఇళంగోవన్ చేపల కొట్టుకి పోనిచ్చాడు.

"పెద్ద తిలాపియా ఉందా? సెరువుదే కావాల. పెంచింది వద్దు."

ఇళంగోవన్ తొట్టిలోంచి నల్లగా నిగనిగలాడేదాన్ని రెండు చేతులతో ఎత్తాడు. "పొద్దున్నే వచ్చింది అన్నే. మీ తోట వెనక చెరువుదే. గాలానికి పడిందే."

ఎవరు పట్టారని లారెన్స్ అడగలేదు. "కవరొద్దు. బకెట్లో వేసెయ్."

"ఇంటికేనా అన్నే?" అని తమిళంలో అడిగి, జవాబు వినకుండానే ఇళంగోవన్ నవ్వుకున్నాడు.

ఇంటి గుమ్మంలో బురద చెప్పులు దాటుకుని లోపలికి వెళ్తే గుమ్మని రొయ్యల కూర వాసన. మాథ్యూ అప్పటికే వచ్చి కూర్చున్నాడు.

"రొయ్యలెక్కడివే?"

"ఇళంగోవన్ కొట్టువి. మీ సేపని నమ్ముకుని పొయ్యెలిగిస్తానేటి?" అంది ఆనీ, గరిటె తిప్పుతూ.

లారెన్స్ బకెట్ తెచ్చి బావమరిది కాళ్ల ముందు పెట్టాడు. మాథ్యూ నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"అమ్మ బాబోయ్! ఎర ఏటి బావా?"

"వానపాము."

"లోతులోనా?"

"ఒడ్డునే, గూటి మీదే! ఉరుములకి ఊరంతా తలుపులేసుకుంటే నానక్కడే కూకున్నాను. లాగితే రాదే! గాలం కర్ర విల్లులా వంగిపోయినాది."

మాథ్యూ లేచి చెయ్యి కలిపాడు. "ఒప్పుకున్నాను బావా. నువ్వే కెప్టెన్. ఫాదర్‌కిప్పుడే సెప్తాను." ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లాడు.

లారెన్స్ ఛాతీ రెండంగుళాలు ముందుకొచ్చింది. "సూసినావా? వాన ఎలిసినాకే పడినాది."

"సూసినాను," అంటూ ఆనీ బకెట్ వంటింట్లోకి పట్టుకెళ్లింది.

వరండాలోంచి మాథ్యూ గొంతు గట్టిగా వినిపిస్తోంది. "అవును ఫాదర్, మా బావే! తుపానులో పట్టినాడు!" లారెన్స్ మీసం దువ్వుకున్నాడు.

వంటింట్లో కత్తి చప్పుడు ఆగింది.

"ఏటండీ, ఒక్కసారిలా రండి."

ఆనీ అరచేతిలో గాలం ముల్లు ఉంది. చేప గొంతులోంచి తీసింది. దాని కాడకి ముడి జారకుండా ఎర్ర దారం దగ్గరదగ్గరగా, ఒక్క పోగు చెదరకుండా చుట్టి ఉంది. లారెన్స్ చూపు గదిలో మూలనున్న కుట్టుమిషన్ మీదికి వెళ్లింది. అదే దారం.

"నీ గాలం ఇళంగోవన్ సేపలోకి ఎలాగొచ్చింది?" అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఆనీ వరండా వైపు చూసి, గొంతు తగ్గించింది. కానీ తల మాత్రం ఎత్తే ఉంచింది.

"మబ్బు కమ్మినప్పుడు నాకు పడినాది. గాలం లోపలికి దిగిపోతే తాడు తెంపేసినాను." రొయ్యల కూర గిన్నె అతని చేతిలో పెట్టింది. "మరి ఇయ్యి ఇళంగోవన్ ఊరికే ఇచ్చినాడనుకున్నారా, కెప్టెన్ గారూ?"