బెత్తెడు ఎత్తితే చాలు

బ్లేడు సగం దాకా లేచి ఆగిపోయింది. వించి ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది.

"చచ్చింది బావా! బ్యాటరీ చచ్చింది!" టోపీ కింద చెవి దగ్గర దోపుకున్న ఫోనులోకి అరిచాడు క్లేటన్.

"అరవకు. నాకింకా చెవుడు రాలేదు," అన్నాడు అవతల్నుంచి ఆర్వో.

ఆర్వో క్లేటన్ భార్య ఐలీకి అన్న. లావు టైర్ల ఈ నాలుగు చక్రాల బండికి, ఏటీవీకి, ముందు మంచు నెట్టే బ్లేడూ, దాన్ని ఎత్తి దించే వించీ బిగించిపెట్టింది అతనే.

రాత్రంతా సరస్సు మీంచి గాలి వీచి మోకాలిలోతు మంచు పోసింది. ఇంటి నుంచి పెద్దరోడ్డు దాకా క్లేటన్ దారి చాలా పొడుగు. ఆ దారి తెరుచుకుంటే తప్ప అంబులెన్సుకు వీలుపడదు. పట్నం నుంచి ఇంకొకటి వస్తుందనుకోవడానికి కూడా లేదు, వంతెన దగ్గర రోడ్డు మూసేశారు. ఉన్నది ఈ ఒక్కటే. గుండెనొప్పి, ఎడమచెయ్యి లాగేస్తోంది అంటే ఇంకేం చెప్పాలి! ఎంత ఆలస్యమైతే అంత ప్రాణం మీదికి.

కిటికీ దగ్గర ఐలీ కోటూ బూట్లూ వేసుకుని సిద్ధంగా కూర్చుంది. ముఖంలో రక్తం చుక్క లేదు. ఉండబట్టలేక తలుపు తీసి, "పార పట్టుకుని నేనూ వస్తాను," అంది.

"నువ్వు బయటికి రాకు. ఓపిక దాచుకో," అని కసిరాడు క్లేటన్. తర్వాత ఫోనులో, "ఇప్పుడేం చెయ్యను బావా?" అన్నాడు.

"లైట్లు ఆర్పు. హ్యాండిల్ వేడిచేసే స్విచ్చి కూడా."

"చేతులు కొయ్యబారిపోతాయి."

"పోనీ. నువ్వేమన్నా ఫిడేలు వాయించాలా?" అన్నాడు ఆర్వో. "నీ తప్పేంటో తెలుసా? ఇంజిను గురకపెడుతున్నప్పుడు బ్లేడు ఎత్తుతున్నావు. అప్పుడది బ్యాటరీలో పోసేది చెంచాడు, వించి తాగేది చెంబెడు. న్యూట్రల్లో పెట్టి, ముందు ఇంజినును గట్టిగా అరిపించు. అప్పుడు ఎత్తు. అదైనా బెత్తెడు ఎత్తితే చాలు. నువ్వు మెడ దాకా ఎత్తుతావు, ఎవరికో సలాం కొట్టిస్తున్నట్టు."

"అంటే బ్యాటరీ తేరుకునేదాకా ఆగాలా? అంత టైముందా బావా?"

"ఉందిలే. కానివ్వు."

క్లేటన్ ఇంజినును అరిపించాడు. కాసేపటికి వించి కదిలింది. బ్లేడు బెత్తెడు లేచింది.

ఇక అదే పని. దించడం, నెట్టడం, అరిపించడం, బెత్తెడు ఎత్తడం, వెనక్కి రావడం.

"నువ్వు మాట్లాడుతూనే ఉండు బావా."

"ఏం మాట్లాడమంటావు? మా చెల్లినిచ్చిన రోజే అనుకున్నా, నీ చేతికి ఏ యంత్రం ఇచ్చినా బతకదని." నవ్వబోయి దగ్గాడు. "శనివారం మా సౌనాకి రా, ఆవిరిస్నానం చేద్దాం. వీపు తోముతా."

ఆర్వో మాట మధ్యమధ్యన తెగుతోంది. ఆ గాలిలో అదైనా వినపడటమే గొప్ప.

రోడ్డు ఇంకో నాలుగు నెట్టుల్లో ఉందనగా జిల్లావాళ్ల పెద్ద మంచులారీ వచ్చింది. రోడ్డు మీది మంచంతా పక్కకు తోసుకుంటూ వచ్చి, సరిగ్గా క్లేటన్ దారి మొదట్లో గట్టులా పోసి వెళ్లిపోయింది. క్లేటన్ చేతులూపాడు, గొంతు చించుకున్నాడు. లేచిన మంచుపొడిలో డ్రైవరుకు ఏమీ కనపడలేదు.

"మూసేశాడు బావా! దుర్మార్గుడు, మొత్తం మూసేశాడు!" క్లేటన్‌కు ఏడుపొచ్చేసింది.

"వించి?"

"ఉలకదు పలకదు. అయిపోయింది."

"వదిలెయ్ దాన్ని. ఇంజిను మాత్రం ఆపకు. ఆపావో, మళ్లీ లేవదు. సామాన్లు కట్టే పట్టీ… ఉంటుంది వెనక. బ్లేడుకు తగిలించి చేత్తో లాగు. పై కడ్డీకి కట్టెయ్. బెత్తెడు… చాలు."

క్లేటన్ పట్టీ తగిలించి లాగాడు. నడుం విరిగినంత పనైంది. కట్టడం, విప్పడం, నెట్టడం. మంచు గడ్డలు రాళ్లలా ఉన్నాయి. ఒక్కొక్క గడ్డకూ బండి వెనక్కి జారుతోంది. వేళ్లకు స్పర్శ పోయింది. పట్టీ ముడి పళ్లతో విప్పాడు. ఆఖరికి గట్టు తెగి, రోడ్డు నల్లగా కనిపించింది.

"తెరిచాను బావా! తెరిచేశాను!"

క్లేటన్ టోపీ మీంచే ఫోనును చెవికి అదుముకున్నాడు.

"బావా?"

ఫోను తెగలేదు. పైపులు గడ్డకట్టకుండా వదిలిపెట్టిన కుళాయి నుంచి నీళ్లు చుక్కచుక్కగా పడుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. క్లేటన్ ఇంకా రెండుసార్లు పిలిచాడు. తర్వాత ఇంటివైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తి ఊపాడు.

ఐలీ పరుగెత్తుకుంటూ వచ్చి, కొట్టం తలుపులు తోసి, ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఉన్న ఒకే ఒక్క అంబులెన్సును, దాని డ్రైవరైన తనే బయటికి తీసింది. వంటగది నేలమీద గుండె పట్టుకుని పడి ఉన్న అన్నయ్య దగ్గరికి ఇంకా ఇరవై మైళ్లు పోవాలి.