రెండు మైళ్ళ చప్పుడు

"ఈ చప్పుడు పోవాల ఎజ్రా! నేను వస్తున్నానని నాకంటే ముందే ఊళ్ళకు చెప్తా ఉంది ఇది," అన్నాడు మిషన్ బడుల ఇన్‌స్పెక్టరు కరుణాకరం, మోటార్ సైకిల్ ఇంజనును వేలితో పొడుస్తూ.



ఎజ్రా కొలువంతా ఆ చప్పుడు మీదే నిలబడి ఉంది. గిద్దలూరుకు ఏడు మైళ్ళలో, రైలు స్టేషను పక్కనున్న పల్లెలో ఎజ్రా మిషన్ బడి పంతులు. బడి వెనకే అతని వేరుశెనగ చేను. పొద్దున్నే హాజరు వేసి, పిల్లలకు ఎక్కాలు అప్పజెప్పి, చేలోకి దిగేవాడు. వాగు అవతల, రెండు మైళ్ళ దూరాన, ఇన్‌స్పెక్టరు బండి టకటక వినపడగానే పార పడేసి, కాళ్ళు కడుక్కుని, కోటు తొడుక్కుని, బెత్తం పట్టుకునేవాడు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా దొరకలేదు.

ఇప్పుడు మిషనుకు వచ్చిన కొత్త దొర ఉత్తరం రాశాడు. బడి వేళకు బడిలో కనపడని పంతులు మర్నాటి నుంచి రానక్కర్లేదట.

ఆ చుట్టుపక్కల ఇంజను సంగతి తెలిసినవాడు ఎజ్రా ఒక్కడే. పాత దొర దగ్గర ఆ బండినే మూడేళ్ళు తుడిచాడు. దొర సీమకు వెళ్ళిపోతూ బండిని ఇన్‌స్పెక్టరుకు వదిలేసి పోయాడు, చప్పుడుతో సహా. అందుకే ఈ శనివారం ఎజ్రాకు గిద్దలూరులో ఇన్‌స్పెక్టరు ఇంటికి రమ్మని కబురు. ఆదివారం పానా పట్టుకుంటే పాస్టరుగారు ఊరుకోరు మరి.

"ఇది టాపెట్ల చప్పుడు అయ్యగారూ," అన్నాడు ఎజ్రా. "వాల్వు కాడకూ, దాన్ని కింద నుంచి తోసే టాపెట్టుకూ నడుమ సందు పెరిగినాది. సందు ఎంతుంటే అంత మోత."

"అయితే తగ్గించు."

"తగ్గిస్తా అయ్యగారూ," అన్నాడు, పెంచడానికే వచ్చిన ఎజ్రా.

బండిని గేరులో పెట్టి కొద్దికొద్దిగా తోసి, వాల్వులు రెండూ మూసుకున్న చోట ఆపాడు. పక్కమూత విప్పాడు. ఒక పానాతో టాపెట్టును కదలకుండా పట్టి, రెండో పానాతో నట్టు వదులు చేశాడు.

ఇన్‌స్పెక్టరు మద్రాసు నుంచి తెప్పించిన పుస్తకం తెరిచాడు. "సందులో సిగరెట్టు కాగితం పట్టాలని రాసినారే!"

"మనింట్లో సిగరెట్టు కాగితమా? ఎవరన్నా వింటే ఏమనుకుంటారు!" అంటూ ఆయన భార్య సరోజమ్మ వసారాలోకి వచ్చింది.

"పోనీ, కీర్తనల పుస్తకంలో చివరి పేజీ ఖాళీగానే..."

"చాల్లే ఊరుకోండి."

ఆమె లోపలికి వెళ్ళి ఒక పెళ్ళి శుభలేఖ తెచ్చి ఎజ్రా చేతిలో పెట్టింది. "ఇది పనికొస్తాదేమో చూడు."

అది అట్ట. మందంలో మార్కాపురం పలకకు తమ్ముడిలా ఉంది. ఎజ్రాకు ఆకాశం నుంచి మన్నా కురిసినట్టయింది.

"దీన్ని మించింది లేదమ్మగారూ!"

అట్టను సందులో పెట్టి నట్టు బిగించసాగాడు. సరోజమ్మ పీట వేసుకుని పక్కనే కూర్చుంది. ఆరాలు మొదలుపెట్టింది. ఈ మీట ఎందుకు? ఆపాలంటే ఏది నొక్కాల? ఇసక తగిలితే పడిపోరా? నిదానంగా పోవాలంటే ఎట్ల?

ఏమీ తెలియని ఆ ఇల్లాలిని చూసి ఎజ్రాకు జాలేసింది. ఒక్కొక్కటీ ముట్టి చూపించి మరీ చెప్పాడు. నాలుగేళ్ళలో అతను అంత శ్రద్ధగా పాఠం చెప్పింది ఆ పూటే.

పని అయ్యాక బండి తన్నాడు. రోట్లో మేకులు పోసి దంచినట్టు మోగింది. ప్రహరీ మీది కాకులు లేచిపోయాయి.

"ఏంది ఎజ్రా, ఇంకా పెరిగినట్లుందే?" అని కేకేశాడు ఇన్‌స్పెక్టరు.

"ఇంజను ఇంకా చల్లగా ఉండాది అయ్యగారూ! వేడెక్కితే వాల్వు కాడ సాగి సందు అదే పూడుకుంటాది!"

"అట్లనా! నువ్వు చెప్పినావంటే అంతే," అని ఆయన వెంటనే ఒప్పేసుకున్నాడు.

సరోజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పొగకు కాబోలు.

సోమవారం పది గంటలకు ఎజ్రా చేలో కలుపు తీస్తున్నాడు. పక్క సాలులో భార్య దీనమ్మ. బండి వాగు దరిదాపులకు కూడా రాకముందే టకటక వినపడింది.

"ఏమయ్యో, వస్తా ఉండాడు! లేయ్!" అంది దీనమ్మ.

"తొందరేందే? ఇన్నాళ్ళు రెండు మైళ్ళకు వినపడేది, ఇప్పుడు మూడు మైళ్ళకు. ఒక మైలు నేనే సంపాదించినా," అంటూ ఎజ్రా ఆ సాలు పూర్తి చేశాడు. నీళ్ళు తాగాడు. కాళ్ళతోపాటు ముఖం కూడా కడుక్కున్నాడు. ఎప్పుడూ రెండు గుండీలకు మించి పెట్టుకునే తీరిక దొరకని కోటుకు ఈసారి అయిదూ పెట్టుకున్నాడు.

టకటక దగ్గరవుతూనే ఉంది. ఎజ్రా బెత్తం ఊపుకుంటూ బడి గుమ్మంలో కాలు పెట్టాడు.

అతని కుర్చీలో కరుణాకరం కూర్చుని ఉన్నాడు. ఎదురుగా హాజరు పట్టీ తెరిచి ఉంది. పిల్లలు చేతులు కట్టుకుని కళ్ళు కూడా ఆర్పకుండా ఉన్నారు.

"రా ఎజ్రా. పొద్దున రైల్లో దిగి, నువ్వు చేలోకి పోయేదాకా స్టేషన్లోనే కూర్చున్నా. కాయ బాగా పట్టిందా?"

ఎజ్రా ఆయన వంక చూశాడు. బాట వంక చూశాడు. మళ్ళీ ఆయన వంక చూశాడు. చప్పుడు ఇంకా వస్తూనే ఉంది.

"అయ్యగారూ... మీరు ఈడ ఉంటే... ఆ వచ్చేది ఎవరు?"

గుమ్మం ముందు చప్పుడు ఆగింది. మోటార్ సైకిల్ దిగి, దుమ్ము పట్టిన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "ఏమండీ, ఈపాటి నిదానంగా వస్తే చాలునా?" అని అడిగింది సరోజమ్మ.